పుట్టు నలుపు, పెట్టుడు నలుపు

నా చేతిరాత బాగుండదు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుగా పడతాయి. ఊరి బళ్ళో అయిదో తరగతి దాకా చదివి మగ్గం గుంటలోకి దిగినవాణ్ణి. చెయ్యి మగ్గం మీద ఆడినంత బాగా కాగితం మీద ఆడదు. అచ్చువేసేవారు దిద్దుకోవాలనీ, చదివేవారు మన్నించాలనీ ముందే అడుగుతున్నాను. నేను ఎవరి గురించి రాస్తున్నానో ఆయనే ఉండి ఉంటే, ఈ కాగితాన్ని బల్లకి అవతలివైపు నుంచి తలకిందులుగానే చదివేసి, "మూడో లైనులో ఒత్తు ఎగిరిపోయింది సంఘం" అనేవారు.

ఆయన పోయారు. విజయవాడ వన్‌టౌన్‌లో మన చేనేత సంఘానికి చీరల లేబుళ్ళు అచ్చువేసిన ప్రెస్సు మాస్టరు గారు. పోయిన నెలలో ఒక శుక్రవారం నమాజుకి వెళ్ళి వచ్చి, కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగారట. నీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది. ప్రెస్సు పక్కన పెళ్ళి వీడియోలు తీసే ఆయన మన సంఘం ఆఫీసుకి ఫోను చేశాడు. ప్రెసిడెంటు గారు ఎత్తారు. నేను అక్కడే బల్ల దగ్గర చీరలు మడత పెడుతున్నాను. ఆయన ఫోను పెట్టేసి, "ఎవరో లేబుళ్ళ సాయిబంట, పోయాడంట. మీకెవరికన్నా తెలుసా?" అన్నారు.

ఆ లేబుళ్ళ మీద ప్రెసిడెంటు అని తన పేరు పెద్దక్షరాల్లో వేయించుకున్న మనిషి అడిగిన మాట అది.

పోయినవారి గురించి మంచి మాటలే రాయాలంటారు. మాస్టరు గారి గురించి రాయడానికి నా దగ్గర మంచి మాటలే ఉన్నాయి. బతికున్నవారి గురించి మాత్రం లేవు. ఏం చెయ్యను. మన సంఘం సభ్యులూ, ఈ పత్రిక చదివే మిగతావారూ ఓపిక పట్టండి.

నేనెవరో చాలామందికి తెలియదు. చల్లపల్లి దగ్గర మన ఊళ్ళో మోకాళ్ళు పనిచేసినన్నాళ్ళు మగ్గం నేశాను. తరవాత సంఘంలో చీరలు మడతపెట్టి లేబుళ్ళు అంటించే పని ఇచ్చారు. లేబుళ్ళు అయిపోయినప్పుడల్లా అచ్చు ప్లేట్లు పాత చీరలో చుట్టుకుని బస్సెక్కి విజయవాడ వెళ్ళడం, అచ్చు వేయించుకుని లేబుళ్ళూ ప్లేట్లూ మళ్ళీ తేవడం కూడా నా పనే. ప్లేట్లు ప్రెస్సులో ఉంచకూడదు, సంఘం బీరువాలోనే ఉండాలి, తాళంచెవి ప్రెసిడెంటు గారి మొలతాడుకే ఉండాలి. అది మన సంఘం కట్టుబాటు. దొంగతనం జరగకుండా అని చెప్పేవారు.

మొదటిసారి ప్రెస్సుకి వెళ్ళినప్పుడు మాస్టరు గారు "ఎవరయ్యా నువ్వు?" అని అడిగారు. నాకు కొత్తవాళ్ళ ముందు నోరు రాదు. "సంఘం అండీ" అని మాత్రం అనగలిగాను. ఇక ఆ రోజు నుంచి నా పేరు సంఘమే.

ఆయన ఎవర్నీ మెచ్చుకునేవారు కాదు. బంగారు రంగు పూసిన పెళ్ళికార్డు చూస్తే "పెళ్ళికా, పళ్ళెంలో స్వీటుకా?" అనేవారు. ఎన్నికల పోస్టరు వేయించుకోడానికి ఎవరైనా వస్తే, ఫొటో వంకా మనిషి వంకా మార్చి మార్చి చూసి, "ఏది వెయ్యమంటారు?" అనేవారు. గుణదల తిరునాళ్ళ రోజుల్లో మేరీమాత పటాలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే మిషను దగ్గర నిలబడి వేసేవారు. ముఖం మీద రంగు ఒక వెంట్రుకంత పక్కకి జరిగినా ఆ కాగితం పక్కన పడేసేవారు. "దణ్ణం పెట్టేవాళ్ళు కళ్ళు మూసుకుని పెడతారు, మాస్టారూ, ఎవరు చూస్తారు?" అని వీడియో ఆయన అంటే, "నేను కళ్ళు మూసుకుని వెయ్యట్లేదు గదయ్యా" అన్నారు.

నలభై ఏళ్ళు సీసం అక్షరాలు పేర్చిన చెయ్యి ఆయనది. సీసం అక్షరం అద్దంలో బొమ్మలాగా తిరగబడి ఉంటుంది. కాగితం మీద పడ్డాక తిన్నగా వస్తుంది. అందుకని ఆయనకి తిరగబడ్డ అక్షరమే ముందు కళ్ళకి ఆనేది. ఏదైనా ఆలోచించేటప్పుడు బల్ల మీది దుమ్ములో వేలితో రాసుకునేవారు. అది కూడా తిరగేసే. ఆయన పాత ప్రూఫు కాగితాలు నాకిచ్చి బస్సులో చదువుకోమనేవారు. అయిదో తరగతి దగ్గర ఆగిపోయిన నా చదువు ఆ బస్సులోనే కొంచెం ముందుకి కదిలింది. ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నానంటే అందువల్లే.

ఇక దొంగ లేబుళ్ళ సంగతి.

మన లేబులు తెలియనివారికి చెబుతాను. పైన తెల్ల హంస. హంస కింద నల్లటి పట్టీ. పట్టీ కింద సంఘం పేరు, ప్రెసిడెంటు గారి పేరు. హనుమాన్ జంక్షన్‌లో ఒక బట్టల కొట్లో మిల్లు చీరలకి ఈ హంస లేబులు అంటించి చేనేత అని అమ్ముతున్నారని మనవాళ్ళలో ఒకాయన ఒక చీర కొని తెచ్చాడు. ముట్టుకుంటే చాలు, పవర్‌లూమ్ అని తెలిసిపోయింది. లేబులు మాత్రం అచ్చు గుద్దినట్టు మనదే. నాకు దిక్కుతోచలేదు. ఆ లేబులు మాస్టరు గారికి తీసుకెళ్ళి చూపించాను.

ఆయన వాసన చూశారు. వెలుతురుకి పట్టి చూశారు. "మంచి దొంగే" అన్నారు. ఆయన నోట మంచి అన్న మాట అదొక్కసారే విన్నాను.

ఇది జరిగిన కొద్ది రోజులకి నేను ప్రెస్సులో ఉన్నప్పుడే వీడియో ఆయన కొత్త హ్యాండీక్యామ్ కొని తెచ్చాడు. చీకట్లో కూడా బొమ్మ పడే మీట ఉందట దానికి. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. చీకటి ఎక్కడ దొరుకుతుంది? ఫిల్ములు కడుక్కునే చీకటి గదిలోకి ముగ్గురం దూరాం. ఆయన మీట నొక్కి, కెమెరా అటూ ఇటూ తిప్పి, బల్ల మీద అచ్చయి ఉన్న పెళ్ళికార్డు మీద ఆపాడు. ఆపి కేక పెట్టాడు.

"మాస్టారూ, పెళ్ళికూతురు ఎగిరిపోయింది!"

"ఎవడితో?"

"ఎవడితోనో కాదండీ బాబూ, కార్డులోంచి!"

వంగి చూశాం. కెమెరాలో పెళ్ళికొడుకు పేరు నల్లగా ఉంది. పెళ్ళికూతురు పేరు ఉండాల్సిన చోట ఒట్టి కాగితం. బయటికి తెచ్చి చూస్తే రెండు పేర్లూ నల్లగానే ఉన్నాయి.

మాస్టరు గారు నవ్వలేదు. మోడా మీద కూర్చుని కార్డుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. తరవాత నాకు చెప్పారు. పెళ్ళికొడుకు పేరు నల్ల ఇంకుతో పడింది. నల్ల ఇంకులో మసి ఉంటుంది. పెళ్ళికూతురు పేరుని కంప్యూటరు తనకి తోచినట్టు విడగొట్టి నీలం, గులాబీ, పసుపు మూడూ ఒకదాని మీద ఒకటి వేయించింది. ఆ మూడూ కలిస్తే కూడా నలుపే. మన కంటికి తేడా లేదు. కెమెరాలోంచి వచ్చేది మనకి కనబడని ఎరుపు వెలుతురు. ఇన్‌ఫ్రారెడ్ అంటారని వీడియో ఆయన పేరు చెప్పాడు. ఆ వెలుతుర్ని మసి మింగేస్తుంది. మూడు రంగుల నలుపు మింగలేదు, తెల్లకాగితం లాగే వెనక్కి తోసేస్తుంది. అందుకని కెమెరాలో మాయమైపోతుంది.

"మసిది పుట్టు నలుపు. ఇది పెట్టుడు నలుపు, పెట్టుడు పళ్ళ లాగా" అన్నారు మాస్టరు గారు. "నలుపంటే ఒకటే అనుకునేవాడికి చీరంటే కూడా ఒకటే. వాడికి మిల్లు చీర అమ్మినా తెలవదు."

మర్నాడే నాతో బస్సెక్కి మన ఊరు వచ్చారు. హంస కింద నల్ల పట్టీలో కంటికి కనబడకుండా గుర్తు దాచొచ్చనీ, దొంగ లేబులు ఏదో మన లేబులు ఏదో కెమెరా పెడితే తేలిపోతుందనీ ప్రెసిడెంటు గారికి నిలబడి చెప్పారు. కూర్చోమన్నవాళ్ళు లేరు.

"కనబడని బొమ్మ ఎందుకయ్యా? కనబడేది సరిగ్గా వెయ్యి చాలు" అన్నారు ప్రెసిడెంటు గారు.

"కనబడేది ఎవడైనా వేస్తాడండి. అదే గదా గొడవ."

"చీర కొనడానికొచ్చే ఆడవాళ్ళు కెమెరాలు పట్టుకొస్తారేంటి?"

"కొనేవాళ్ళకి కాదండి. దొంగ దొరికితే నిలబెట్టి అడగడానికి."

అక్కడున్న డైరెక్టర్లందరూ నవ్వారు. ఏం అర్థమై నవ్వారో నాకు ఈనాటికీ తెలియదు. ప్రెసిడెంటు గారు నవ్వారు గనక నవ్వి ఉంటారు. తిరుగు బస్సులో ఆయనకి తోడు వెళ్ళాను. ఉయ్యూరు దాటాక, "వాళ్ళకి చెప్పకుండానే వేద్దాం సంఘం. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు" అన్నారు.

కొత్త ప్లేట్లు చేశారు. పట్టీ అంతా పెట్టుడు నలుపు. అందులో అక్షరాలు మాత్రం పుట్టు నలుపు. రెండూ ఎండలో చూసినా ఒక్కలాగే కనబడాలి. అక్కడికి నా అవసరం పడింది. నల్ల నూలు రెండు అద్దకాల్లోది కలిస్తే నేతలో గీత పడుతుంది, అందుకని నేసేవాడు నలుపులో నలుపుని పట్టగలగాలి. పట్టీలో ఉత్త చిన్న గడి వేసి పరీక్షలు చేశాం. ఆయన కాగితం నా ముందు పెట్టేవారు.

"కనబడుతోందా గడి?"

"కనబడుతోందండీ. ఇక్కడ కొంచెం నీలం కొడుతోంది."

"నీ కళ్ళు పాడుగాను" అనేవారు. మళ్ళీ ఇంకు కలిపేవారు. ఎన్నిసార్లు విజయవాడ వెళ్ళానో లెక్క పెట్టలేదు. చివరికి ఒక రోజు ఎంత చూసినా నాకు గడి దొరకలేదు. "లేదండీ" అన్నాను. ఆయన టీ తెప్పించారు. మెచ్చుకోవడం అంటే ఆయన దగ్గర అదే.

దాచిన మాట రెండక్షరాలే. నేత. ఫిల్ము మీద ఆయనే బ్లేడుతో కోశారు. లేబుళ్ళన్నీ అచ్చయ్యాక వీడియో ఆయన కెమెరా పెట్టి, "ఇదేంటి మాస్టారూ, తిరగబడింది" అన్నాడు. సీసం అచ్చుకి అక్షరం తిరగేసి ఉండాలి. ఈ ఆఫ్‌సెట్ మిషనుకి తిన్నగా ఉండాలి. చేతికి అలవాటైపోయి ఆయన తిరగేసే కోశారు. ఆ రోజు తనని తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయకూడదు. ఆయన ఎవర్నీ మెచ్చుకోరని చెప్పాను గదా, ఆ మెచ్చుకోనివాళ్ళలో మొదటివాడు ఆయనే. "పోనీలే. దొంగకి కెమెరా దొరికినా చదవలేక చస్తాడు" అన్నారు చివరికి.

ఆరు నెలలు తిరక్కుండా కొత్త లేబులుకి కూడా దొంగ లేబులు వచ్చింది. మళ్ళీ హనుమాన్ జంక్షన్‌లోనే, ఆ కొట్లోనే.

పాలకవర్గం మీటింగు పెట్టారు. మాస్టరు గారిని పిలవలేదు. నన్ను చీరలు పట్టుకుని నిలబడమన్నారు. ఇంత అచ్చుగా ఉందంటే అచ్చువేసినవాడే ఎక్కువ వేసి అమ్ముకుంటున్నాడని ఒకాయన అన్నాడు. సాయిబు అడిగి మరీ ఇంత దూరం ఎందుకొచ్చాడో అప్పుడే అనుమానపడ్డానని ఇంకొకాయన అన్నాడు. అప్పుడు అనుమానపడ్డ ముఖం కాదు అది, నవ్విన ముఖం. నేను చూశాను. అయినా ఏం అనలేదు. నాకొక్కడికే తెలుసు దాచిన మాట సంగతి. చెప్పొద్దన్నారు గదా అని మనసులో అనుకున్నాను. అది సాకు. నిజం చెప్పాలంటే భయం.

ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగారు. "ఏవయ్యా, ప్లేట్లు మోసేది నువ్వేగా. ఏవంటావ్?"

"ఏవుందండీ" అన్నాను.

నాకు నోరు రానప్పుడల్లా వచ్చే మాట అది. దానికి అర్థం లేదు. కానీ సెక్రటరీ గారు దానికి ఒక అర్థం రాశారు. తీర్మానాల పుస్తకంలో ఆ లైను ఇలా ఉంది: "లేబుళ్ళు ముద్రించు వ్యక్తి అదనముగా ముద్రించి దొంగచాటుగా అమ్ముకొనుచున్నట్లు తేలినది. లేబుళ్ళ పనివాడు కూడా ఒప్పుకొనెను. ఇకపై అతనికి పని ఇవ్వరాదు."

ఎవరెవరిని తీసిపారేసినట్టు రాస్తున్నానో వాళ్ళలో నన్ను కూడా కలుపుకోండి. ఇక్కడ నాకు మినహాయింపు లేదు.

మూడో రోజు బస్సెక్కాను. మాస్టరు గారు మిషను తుడుచుకుంటున్నారు. జరిగింది చెప్పాను. నేను ఏమన్నానో కూడా చెప్పాను. ఆయన గుడ్డ కింద పెట్టారు.

"చెప్పొద్దన్నది దొంగలకి గదయ్యా సంఘం. వాళ్ళకి కూడానా?"

"వాళ్ళు వేరు, వీళ్ళు వేరా అండీ?" అన్నాను. ఎలా వచ్చిందో తెలియదు ఆ మాట.

ఆయన నా ముఖంలోకి చూసి పగలబడి నవ్వారు. "ఈ నోరు మొన్న ఎక్కడ పెట్టుకున్నావయ్యా!" తిడతారేమో అనుకున్నాను. తిట్టలేదు. వీడియో ఆయన్ని కేకేసి, కెమెరా తీసుకుని ఆదివారం మన ఊరు రమ్మన్నారు.

దొంగని టీవీలో చూపిస్తామని కబురు పెడితే పాలకవర్గమంతా వచ్చింది. ఆదివారం సంఘం ఆఫీసు తలుపులూ కిటికీలూ మూసి, సందుల్లో గోనెపట్టాలు కుక్కాం. వీడియో ఆయన ఆఫీసు టీవీకి వైర్లు తగిలించాడు. మన లేబులు కెమెరా ముందు పెట్టాడు. టీవీలో హంస కింద పట్టీ తెల్లగా అయిపోయి, దాని మధ్య నల్లటి అక్షరాలు లేచాయి. తిరగబడి.

ప్రెసిడెంటు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇదేం భాష?"

"ఉర్దూ లాగుందండీ. కొక్కేలు కొక్కేలుగా" అన్నాడు ఒక డైరెక్టరు.

"మన హంస కింద ఉర్దూ దాస్తావా? ఎంత ధైర్యం!"

పుట్టిన దగ్గర్నుంచి తెలుగు చదువుతున్నవారికి తెలుగు అక్షరం తిరగబడితే ఉర్దూ అయిపోయింది. అచ్చువేసిన మనిషి తురక గనక. కెమెరా దొంగల కోసం పెట్టాం గానీ, ముందు బయటపడింది ఇదీ.

మాస్టరు గారు కోపం తెచ్చుకోలేదు. సిగ్గుపడ్డారు. వాళ్ళ మాటకి కాదు, తన చేతి తప్పుకి. "తెలుగేనండి. తిరగబడింది. తప్పు నాదే" అన్నారు.

"తెలుగైతే చదువు, చూద్దాం."

"నేను చదివితే మీరు నమ్మరు గదండి."

మన ఆఫీసులో చీర భుజం మీద వేసుకుని చూసుకోడానికి నిలువుటద్దం ఉంది గదా. ఎవరూ చెప్పకుండానే నేను వెళ్ళి దాన్ని ఎత్తి తెచ్చి టీవీకి ఎదురుగా పట్టుకున్నాను. బరువుది. సెక్రటరీ గారు అద్దంలోకి వంగి, బళ్ళో పిల్లాడిలా కూడబలుక్కుని, "నే... త" అన్నారు.

తరవాత కొట్టు నుంచి తెచ్చిన దొంగ లేబులు పెట్టారు. పట్టీ మొత్తం నల్లగా ఉండిపోయింది. లోపల ఏమీ లేదు. మన లేబులు చూసి ఇంకెక్కడో తీసిన నకలు అది, ఉన్నదంతా ఒకటే మసి నలుపు. పిల్లలకి కూడా అర్థమయ్యేంత తేటగా ఉంది.

"గుర్తు లేకుండా నువ్వే వేసి ఉండొచ్చు గదా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ప్లేట్లు మీ బీరువాలో ఉన్నయ్యండి. తాళంచెవి మీ మొలతాడుకి ఉంది. ఆ ప్లేటు లేకుండా నేను వెయ్యలేను. దాంతో వేస్తే గుర్తు పడకుండా ఉండదు. దొంగతనంగా ఇంకో ప్లేటు చేసుకునేవాణ్ణయితే, దొంగని పట్టించే గుర్తు నేనే ఎందుకు పెడతానండి?"

మూలనున్న ఒక సభ్యుడు, "మరయితే ఆ కొట్టువాడికి ఇవి ఎక్కణ్ణుంచి వస్తున్నయ్యో కనుక్కుందామండీ" అన్నాడు. ఆ కొట్టు ప్రెసిడెంటు గారి వియ్యంకుడిదని అక్కడ ప్రతివాడికీ తెలుసు. ఎవరో గబగబా లేచి కిటికీలు తెరిచేశారు.

వెలుతురు పడ్డాక అందరికీ ఇంటి పనులు గుర్తొచ్చాయి. పుస్తకంలో లైను కొట్టెయ్యమని వీడియో ఆయన అడిగితే, "కొట్టేస్తే పుస్తకం పాడవుతుంది. కింద ఇంకో లైను రాద్దాంలే" అన్నారు సెక్రటరీ గారు. పుస్తకం పాడవకూడదు. మనిషి పాడయితే ఫరవాలేదు.

ప్రెసిడెంటు గారు మాత్రం టీవీ ముందు నుంచి కదల్లేదు. "నేత అంటే నాయకుడనే గదా? నా గురించేనేంటి?" అని మీసం నిమురుకున్నారు.

నేసేవాళ్ళ ఊళ్ళో పుట్టి, నేసేవాళ్ళ సంఘానికి ప్రెసిడెంటై, నేత అంటే ఆయనకి మొదట తోచిన అర్థం అది.

"అవునండి" అన్నారు మాస్టరు గారు వినయంగా. "కంటికి కనబడని నాయకుడు."

వీడియో ఆయన వైర్లు చుట్టుకునే నెపంతో బల్ల కిందికి దూరిపోయాడు. ప్రెసిడెంటు గారు సంతోషించారు.

కింద రాస్తామన్న లైను రాయలేదు. పనీ మళ్ళీ ఇవ్వలేదు. సంఘం పుస్తకంలో దొంగ అని ఉందని మిగతా సంఘాలవాళ్ళు కూడా ఒక్కొక్కరే మానుకున్నారు. తరవాత ఇన్నేళ్ళూ ఆ ప్రెస్సులో బిల్లు పుస్తకాలూ, విజిటింగ్ కార్డులే. లేబుళ్ళ పని లేకపోయినా నేను నెలకోసారి వెళ్ళేవాణ్ణి. ఊరికే కూర్చునేవాణ్ణి. లేచేటప్పుడు ఆయన అడిగేవారు.

"లైను పడిందా సంఘం?"

"ఇంకా లేదండీ."

"మీ సెక్రటరీకి ఒత్తులు రావేమో. కనుక్కో" అనేవారు.

కొన్నాళ్ళకి అడగటం మానేశారు. అడిగినన్నాళ్ళే నయంగా ఉండేది.

పోయిన తరవాత మన సంఘంలో సంతాప సభ పెట్టారు. వీడియో ఆయన పత్రికలవాళ్ళకి చెబుతానని అన్నాడని పెట్టారు, లేకపోతే పెట్టేవారు కాదు. ప్రెసిడెంటు గారు ఫొటోకి దండ వేశారు. రహస్య గుర్తు ఆలోచన తనదేనన్నారు. ఆ ముద్రాపకుడు తన మీద అభిమానం కొద్దీ నేత అని దాచాడని కూడా చెప్పారు. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు. తరవాత తీర్మానం రాశారు: "సంఘ శ్రేయోభిలాషి, నిజాయితీపరుడు." అదే పుస్తకం. ముందు పేజీల్లో దొంగ, వెనక పేజీలో నిజాయితీపరుడు. రెండూ అదే సెక్రటరీ చేతిరాత. రాసేటప్పుడు ఆయన వెనక్కి తిప్పి చూసుకోలేదు.

ఆ పై ఆదివారం పరామర్శకి వెళ్ళాను. మాస్టరు గారి భార్యకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి అడిగారు.

"మీ సంఘం బుక్కులో మా ఆయన గురించి రాశారంట గదా భయ్యా. వీడియో అబ్బాయి చెప్పాడు."

"రాశారమ్మా."

"ఏం రాశారో అంతా ఒక కాయితం మీద ఎక్కించి తెచ్చిపెడతారా? ఫ్రేము కట్టిస్తాను. ఒక్క ముక్క వదలకుండా తేవాలి."

"ఏవుందమ్మా" అన్నాను. మళ్ళీ అదే మాట. తెస్తానని కాబోలు అనుకున్నారు ఆవిడ.

ఒక్క ముక్క వదలకుండా ఎలా తేవను? వెనక పేజీ ఒక్కటే ఎక్కించి ఇవ్వొచ్చు. ఆవిడకి తెలియదు. అలా చేస్తే నేనూ దొంగ లేబులు అంటించినట్టే. మన గుమాస్తాని అడిగాను. సభ్యులు కొంతమంది రాసి అడిగితే మహాసభలో పెట్టక తప్పదన్నాడు. పాత లైను కొట్టెయ్యమని నేను అడగటం లేదు. పుస్తకం పాడవనివ్వను. దాని కింద ఒక్క లైను రాయమంటున్నాను. ఏం రాయాలో నేనే రాసి పెట్టాను: "పై తీర్మానము తప్పు. ముద్రించిన వ్యక్తి ఏ తప్పూ చేయలేదు. లేబుళ్ళ పనివాడు ఒప్పుకొనలేదు, భయపడెను."

ఈ లైను పడాలి అనుకునే సభ్యులు ఒక కార్డు ముక్క మీద ఆ మాట రాసి, మడతల బల్ల దగ్గరుండే నాకు పంపండి. పడకూడదనుకునేవారు కూడా రాయండి. అది కూడా నాకు తెలియాలి. ఊరికే నవ్వి ఊరుకునేవాళ్ళతోనే నాకు పేచీ.

వచ్చే నెలలోనే మహాసభ. ఆ పుస్తకంలో ఇక రెండు మూడు పేజీలే ఉన్నాయి. అవి నిండితే దాన్ని అటక మీద పడేస్తారు. మాస్టరు గారి భార్య ముందుగదిలో గోడకి అప్పుడే మేకు కొట్టించారు. చుట్టూ సున్నం రాలి ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడ ముందు నా చేతులకేసి చూస్తారు, తరవాత ఆ మేకుకేసి చూస్తారు. ఏమీ అడగరు. ఆదివారం మళ్ళీ వెళ్ళాలి. తొందరగా రాయండి.